సరంగు గారి ఏడో పాఠం

సరంగు ఏడుకొండలు తాగుడు మానేశాడన్న సంగతి చింతాలంక రేవు మొత్తానికి తెలుసు, ఒక్క జలరవాణా శాఖకు తప్ప.

రేవులో వాళ్లకి తెలియకపోతేనే ఆశ్చర్యం. గోదావరికి ఈ ఒడ్డున చింతాలంక, ఆ ఒడ్డున పేట. మధ్యలో మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, కొబ్బరికాయల బస్తాల్నీ, అప్పుడప్పుడూ పెళ్లివారినీ దాటించేది శాఖవారి పంటు. దానికి చుక్కాని పట్టే సరంగు మన ఏడుకొండలు. అతను తాగే రోజుల్లో జనం దేవుడి మీద భారం వేసి పంటెక్కేవారు. ఓసారి పెళ్లివారిని తీసుకెళ్లి ఇసుకమేట మీద కూచోబెట్టాడు. సన్నాయి వాళ్లు ఓపికున్నంతసేపు వాయించి, చివరికి వాళ్లు కూడా చేతులెత్తేశారు. ముహూర్తం నీళ్లలోనే దాటిపోయింది. ఇంత జరిగినా శాఖ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. తాగుడు గురించి అప్పటికి శాఖ దగ్గర కార్యక్రమమేదీ లేదు మరి.

ఆ రాత్రి ఇంటికెళ్లిన ఏడుకొండలు, తను ఒక్క చుక్క కూడా ముట్టలేదని భార్య నూకరత్నం ముందు గుమ్మం పట్టుకుని నిలబడి ప్రమాణం చేశాడు. గుమ్మం వదిలితే పడిపోయేలా ఉన్నాడు. నూకరత్నం ఏడవలేదు, తిట్టలేదు. తాగొద్దని తను ఇంక చెప్పబోనని, కానీ తాగుడు గురించి తనకి మాత్రం అబద్ధం చెప్పొద్దని, అదొక్కటే చాలని అంది. వినడానికి తేలిగ్గా ఉన్న ఆ షరతు ఏడుకొండలుని నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఇన్నేళ్లూ అతను సీసాతో పాటు అబద్ధాన్నీ మోసుకు తిరిగాడు. ఒకటి వదిలేస్తే రెండోది ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మానడం అలా మొదలైంది. అందరికీ సాయంత్రం హాయిగా ఉంటుంది, ఏడుకొండలుకి గండంగా ఉండేది. పేట రేవులో దిగగానే ఎదురుగా సారా దుకాణం. అందుకని నూకరత్నం రోజూ ఆఖరి ట్రిప్పుకి కొబ్బరాకుల మోపు ఒకటి పట్టుకుని పంటెక్కేది. చుక్కాని గది పక్కన బల్ల మీద కూచుని, చీపుళ్లకి ఈనెలు తీసుకుంటూ పేటకి వెళ్లి, అతనితోనే తిరిగొచ్చేది. పేటలో పంటు ఆగినంతసేపూ అతని చేతిలోనూ ఓ ఆకు, ఓ చాకు పెట్టేది. చేతులు ఊరికే ఉండకూడదని ఆవిడ పట్టుదల. పేట మార్కెట్ నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు కూడా చుట్టూ చేరి, సరంగు గారు తీసిన ఈనెలు ఎంత లావుగా ఉన్నాయో చెప్పి ఏడిపించేవారు. అలా ఏడిపించుకుంటూనే అతన్ని రెండు వర్షాకాలాలు దాటించేశారు.

సరిగ్గా అప్పుడు రాజధానిలో మద్యపాన నిర్మూలన మీద ఓ సదస్సు జరిగింది. పెద్ద హోటల్లో రెండు రోజులు చర్చించారు, రెండు రాత్రులు సేద తీరారు. దాన్లోంచి ‘స్వీయోదయం’ పుట్టింది. ఫోనులో పెట్టుకుని, ఎవరికి వారు, ఎవరి వేగంలో వారు, పాఠాలు చదువుకుంటూ తాగుడు మానుకునే ఏర్పాటు అది. నిజం చెప్పుకోవాలంటే దాన్ని తయారుచేసిన డాక్టర్లు మంచివాళ్లే. నలుగురిలో చెప్పుకోలేక కుమిలిపోయేవాడికి అది పనికొచ్చేదే. కాకపోతే అది నేరుగా తాగేవాడి చేతికి రాకుండా శాఖ చేతికొచ్చింది.

జిల్లాలో శాఖకు ఉపసంచాలకులు విశ్వపతి గారు. ఆయన మనిషి మెత్తన, ఉత్తర్వు గట్టి. ఎవరు లోపలికొచ్చినా ముందు ఓ ఏలక్కాయ నోట్లో వేసుకుని, తర్వాతే పెదవి విప్పేవారు. సిబ్బందికి ఆదర్శంగా ఉండాలని స్వీయోదయం పాఠాలన్నీ జిల్లాలో అందరికంటే ముందు తనే పూర్తిచేసి, వచ్చిన సర్టిఫికెట్టుకి చట్రం కట్టించి కుర్చీ వెనక తగిలించారు. రేవు సిబ్బందిని పిలిచి ఉపన్యసించారు కూడా.

“స్వీయగతి అనగా ఏమి? ఎవరి తీరికను బట్టి, ఎవరి వేగమును బట్టి వారు స్వేచ్ఛగా కోలుకొనుట. ఇందులో ఎట్టి ఒత్తిడియు లేదు. అయితే మార్చి ముప్పై ఒకటో తేదీ లోపల.”

రేవుకి ఇంతమంది చొప్పున కోలుకున్నవారిని చూపించాలని లక్ష్యం కూడా పెట్టారు. చింతాలంక వాటాకి ఇద్దరొచ్చారు. హెడ్ క్లర్కు భోగరాజు తలపట్టుకున్నాడు. రేవులో ఉన్న ఒక్క తాగుబోతూ మానేసి కూచున్నాడు. ప్రస్తుతం తాగేవారెవరూ లేరని పైకి రాస్తే, లేకపోవడం లక్ష్యసాధనకు ఆటంకమని, లేనిచో గుర్తించవలెనని జవాబొచ్చింది. భోగరాజు గుర్తించాడు. పంటుకి మోకులు కట్టే కలాసీ చిన్నబ్బులు గోలీసోడా తాగినా తల తిరుగుతుందనే రకం. శాఖ పరువు కోసం నాలుగు నెలలు తాగుబోతుగా ఉండమని బతిమాలితే, సరేనన్నాడు. ఆ మర్నాడే చిన్నబ్బులు తల్లి ఆఫీసుకొచ్చి, మావాడు ఎప్పట్నుంచి తాగుతున్నాడు బాబూ అని కళ్లొత్తుకుంది.

“శాఖాపరంగా మాత్రమేనమ్మా, ఇంట్లో తాగడు,” అని భోగరాజు ధైర్యం చెప్పాడు.

రెండోవాడు ఏడుకొండలే. మానేశానని అతను చెబితే, మానేసినట్టు సర్టిఫికెట్టు ఏదని భోగరాజు అడిగాడు. లేదు. అంటే శాఖ దృష్టిలో తాగుతున్నట్టే. పైగా పేరు నమోదైన వాళ్లు కోలుకున్నట్టు రుజువయ్యేవరకు చుక్కాని ముట్టకూడదని ఉత్తర్వు. పంటుకి పక్క రేవు నుంచి ఓ సరంగుని అరువు తెచ్చారు. ఆయన మధ్యాహ్నం వరకే ఉంటాడు కాబట్టి ఆఖరి ట్రిప్పు రద్దయింది. మార్కెట్ ఆడవాళ్లు వంతెన మీదుగా చుట్టూ తిరిగి ఇల్లు చేరుతున్నారు.

చుక్కాని పోవడం ఏడుకొండలుకి చెయ్యి విరిచేసినట్టయింది. ఇరవై ఏళ్ల వయసు నుంచి పట్టుకున్న చక్రం అది. తాగిన రోజుల్లో ఎవరూ లాక్కోలేదు, మానేశాక లాక్కున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేది, ఏడుపు వెనకే దాహం కూడా వచ్చేది.

పాఠాలు ఏకాంతంలో చదవాలి కనుక శాఖవారు అతనికి పేట రేవులో పాత టిక్కెట్ల గది ఇచ్చారు. గది చల్లగా, ప్రశాంతంగానే ఉంది. దానికీ సారా దుకాణానికీ ఒకటే గోడ. సాయంత్రం అవతల గ్లాసు కింద పెడితే ఇవతల ఇతని గుండె మీద పెట్టినట్టుండేది. నూకరత్నం మధ్యాహ్నం పంటుకే దాటి వచ్చి, మోపు ముందేసుకుని అతని వెనక కూచునేది. కానీ ఫోను ఒప్పుకోలేదు. ‘మీ వెనుక మరొక వ్యక్తి కనిపిస్తున్నారు, స్వీయగతికి భంగం కలుగుచున్నది’ అని ఎర్రగా రాసి పాఠం ఆపేసింది. ఆవిడ బయటికి జరిగి గడప అవతల కూచుంది. పాఠం మళ్లీ మొదలైంది.

మొదటి పాఠంలోనే చిక్కొచ్చింది. వారంలో ఎన్నిసార్లు తాగుతారని అడిగితే ఏడుకొండలు సున్నా నొక్కాడు. ఫోను ఒప్పుకోలేదు. భోగరాజు ఫోను తన చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని వెతికి, కింద ‘గతంలో’ అని ఒకటుందని కనిపెట్టాడు. గతం గురించి అడిగితే ఏడుకొండలుకి ఇబ్బంది లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. వాసన రాకుండా ఏలక్కాయలు నమిలేవాడినని కూడా రాశాడు. మూడో పాఠంలో, మీకు ఇష్టమైన గ్లాసును కళ్లకు కట్టినట్టు ఊహించుకుని, వద్దు అని చెప్పండి అని ఉంది. ఊహించుకోలేనివాళ్ల కోసం బొమ్మ కూడా వేశారు. ఐసుముక్కలు కదిలే చప్పుడు కూడా పెట్టారు. ఆ సాయంత్రం ఏడుకొండలు గదిలోంచి బయటికొచ్చి, గడప దగ్గర కూలబడి, నూకరత్నం చేతిలోంచి ఆకు లాక్కున్నాడు. మోపు మొత్తం అయిపోయేదాకా ఇద్దరూ ఈనెలు తీస్తూ కూచున్నారు.

అయినా పట్టుదలగా ఆరు పాఠాలూ గట్టెక్కాడు. ఏడోది చివరిది. దాని మీద తాళం బొమ్మ ఉంది. నొక్కితే ఇలా వచ్చింది: ‘అభినందనలు. మీరు మరల ఒకసారి మద్యం సేవించిన వెంటనే, ఆ జారుపాటును నమోదు చేయండి. ఈ పాఠం తెరుచుకొనును.’

దాన్ని రాసిన డాక్టర్ల ఉద్దేశం బంగారం లాంటిది. మానినవాడు ఎప్పుడైనా జారితే సిగ్గుతో కుంగిపోకుండా లేచి నిలబడాలని, జారినవాడి కోసం విడిగా ఓ పాఠం పెట్టారు. శాఖవారు పాఠాలన్నీ అందరికీ తప్పనిసరి చేశారు. కాబట్టి ఇప్పుడు జారనివాడు కోలుకోలేడు.

చిన్నబ్బులు ఏమాత్రం తడుముకోలేదు. తాగాను అని నొక్కాడు, పాఠం తెరుచుకుంది, సర్టిఫికెట్టు వచ్చేసింది. తాగుడు అలవాటు లేనివాడు కనుక జిల్లాలో విశ్వపతి గారి తర్వాత అతనే ముందు కోలుకున్నాడు. శాలువా కప్పారు. అతని మాట నిజమా అని ఎవరూ అడగలేదు కాబట్టి అది అబద్ధమని ఎవరికీ తెలియలేదు.

ఏడుకొండలు మాత్రం వేలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

“నొక్కెయ్యవయ్యా, నీ సొమ్మేం పోయింది,” అన్నాడు భోగరాజు.

“తాగలేదు కదండి.”

“తాగలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఫోనుకి తెలియదు కదా.”

“తాగి తాగలేదని చెప్పి చెప్పి సగం బతుకు పోయిందండి. ఇప్పుడు తాగకుండా తాగానని చెబితే, మా ఆవిడ మళ్లీ ఏ మాట నమ్మాలో తెలీక తికమక పడుద్దండి. ఆవిడ అడిగింది అదొక్కటేనండి.”

భోగరాజుకి అతని మీద జాలేసింది, కానీ మార్చి నెలాఖరు దగ్గరపడింది. వ్యవహారం విశ్వపతి గారి దగ్గరికెళ్లింది. ఆయన ఏలక్కాయ వేసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆయన నిజాయితీ గల అధికారి. ప్రభుత్వ కార్యక్రమంలో అసత్యం నమోదు చెయ్యమని ఉద్యోగిని ఒత్తిడి చేయడం నేరమని ఆయనకు తెలుసు. నమోదు సత్యం కావాలి, పాఠం తెరుచుకోవాలి. రెండూ కుదిరే దారి ఒక్కటే కనిపించింది. ఉత్తర్వు వెలువడింది.

‘సదరు ఉద్యోగి శ్రీ ఏడుకొండలు, సరంగు, వారు కోలుకొనుటలో భాగముగా ఒక పర్యాయము జారుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. సదరు జారుపాటు కార్యాలయ వేళలయందు, కమిటీ సమక్షమున, మితముగా జరుగవలెను. అందు నిమిత్తము అర్ధదినము సెలవు మంజూరు చేయడమైనది. ఇది ఇకముందు దృష్టాంతముగా పరిగణింపరాదు.’

మద్యం కొనడానికి మూడు దుకాణాల నుంచి ధరల పట్టీలు తెప్పించారు. అందరికంటే తక్కువ చెప్పిన దుకాణం గోడ అవతలదే కావడంతో రవాణా ఖర్చు కూడా మిగిలింది. ఏ పద్దు కింద రాయాలో తేలక భోగరాజు రెండు రోజులు అన్నం మానేసి, చివరికి ‘తాగునీరు, తదితరములు’ కింద రాసి ఊపిరి పీల్చుకున్నాడు.

ఉత్తర్వు అందుకున్న రోజు ఏడుకొండలు దాన్ని భార్యకి చదివి వినిపించాడు. దాచకూడదనే చదివాడు. ఒక్క గ్లాసుతో చుక్కాని తిరిగొస్తుంది. ఒక్క గ్లాసే కదా అని లోపల ఎవరో అంటున్నారని, ఆ గొంతు తనకి బాగా తెలిసినదేనని, అందుకే భయంగా ఉందని కూడా చెప్పేశాడు. నూకరత్నం ఆకు చివరిదాకా చీల్చి పక్కన పెట్టి, ఆ కమిటీ ఏ గంటకని అడిగింది.

కమిటీ అంటే విశ్వపతి గారు, భోగరాజు. ఇద్దరూ టిక్కెట్ల గదిలోనే కూచున్నారు. బల్ల మీద ఉత్తర్వు, గ్లాసు, సీలు విప్పని సీసా. విశ్వపతి గారు సీసా మూత ఒక్క తిప్పుతో తీశారు. భోగరాజు కొలగిన్నె వెతుకుతుండగానే, ఆయన కాగితం వంక చూస్తూ గ్లాసులోకి వంచేశారు. కొలిచినట్టు సరిగ్గా పడింది. వాసన గదంతా నిండింది. ఏడుకొండలు నోట్లో నీళ్లూరాయి, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ అతని కళ్లు గ్లాసు మీద లేవు. విశ్వపతి గారి చేతి మీద ఉన్నాయి. ఆ చెయ్యి అలా వంగడం తెలిసినవాడు అతను. ఏలక్కాయల సంగతి అప్పుడు తట్టింది అతనికి. అయ్యో అనిపించింది.

అప్పుడే నూకరత్నం మోపుతో సహా గడప దాటి లోపలికొచ్చింది. ఏకాంతానికి భంగమని భోగరాజు లేవబోయాడు. ఆవిడ చేతులు జోడించి, ఒక్క అనుమానం ఉందని, తీర్చుకుని వెళ్లిపోతానని చెప్పింది.

“ఈయన ఇది తాగితే, మళ్లీ మానిపించే పాఠం ఆ ఏడోదేనాండి?”

“అవునమ్మా. జారినవారిని లేవనెత్తుటకే దానిని ప్రవేశపెట్టినది,” అన్నారు విశ్వపతి గారు.

“అది ఎన్నాళ్లకి అవుద్దండి?”

“అది స్వీయగతి. ఎవరి వేగము వారిది.”

నూకరత్నం తల ఊపింది. “క్రితంసారి ఈయన వేగానికి పదకొండేళ్లు పట్టిందండి,” అంది.

గోడ అవతల ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. విశ్వపతి గారు ఏదో ఉదహరించబోయి, నోట్లో ఏలక్కాయ అటూ ఇటూ తిప్పారు. ఏడుకొండలు గ్లాసుని ఒక్క వేలితో ఆయన వైపు నెట్టాడు. విసురుగా కాదు, చాలా మర్యాదగా నెట్టాడు.

“నాకు చుక్కాని వద్దులెండి సార్. మోకులు కట్టుకుంటాను,” అన్నాడు.

కమిటీ వాయిదా పడింది. పోసిన మద్యాన్ని తిరిగి సీసాలో పోయడానికి నిబంధన లేదని భోగరాజు గుర్తుచేస్తే, పరిశీలన నిమిత్తం తన దగ్గర ఉంచుతానన్నారు విశ్వపతి గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వొచ్చింది. కోలుకున్నట్టు సర్టిఫికెట్టు పొందిన చిన్నబ్బులు ఇకపై సరంగు. సర్టిఫికెట్టు లేని ఏడుకొండలు అతనికి సహాయకుడు. చుక్కాని గదిలో జరుగు పనుల విభజనను వారే పరస్పరం చూసుకొనవలెను. అప్పట్నుంచి చక్రం ఏడుకొండలు పట్టుకుంటున్నాడు, సర్టిఫికెట్టు చిన్నబ్బులు పట్టుకుంటున్నాడు. ప్రయాణికులకి అభ్యంతరం లేదు, చిన్నబ్బులు తల్లికి మాత్రం కొడుకు ఇంకా ఎన్నాళ్లు కోలుకుంటాడో అర్థం కాలేదు. ఆఖరి ట్రిప్పు మళ్లీ మొదలైంది. నూకరత్నం బల్ల నూకరత్నానికి దక్కింది.

ఏప్రిల్లో ఓ సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి మోకు విప్పబోతుంటే, రేవు మెట్ల మీద నుంచి ఎవరో చెయ్యి ఊపారు. విశ్వపతి గారు. జీపు లేదు, జవాను లేడు, చొక్కా ఇస్త్రీ లేదు. తనిఖీ అనుకుని చిన్నబ్బులు గబగబా సర్టిఫికెట్టు తీశాడు. ఆయన దాన్ని చూడకుండా చుక్కాని గది దాకా వచ్చి నిలబడ్డారు. నోట్లో ఏలక్కాయ లేదు. వాసన దానంతట అది వస్తోంది.

“నా పాఠాలన్నీ అయిపోయాయి ఏడుకొండలూ,” అన్నారు. ఉత్తర్వుల భాష పోయి ఆయనకి మామూలు తెలుగు వచ్చేసింది. “రెండుసార్లు అయిపోయాయి.”

“తెలుసండి,” అన్నాడు ఏడుకొండలు.

“సాయంత్రం ఆరు దాటితే ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఈ పంటు వెళ్లి తిరిగొచ్చేసరికి ఆ గండం గడిచిపోతుంది కదా.”

ఏడుకొండలు చక్రం వదల్లేదు. వెనక్కి తిరిగి భార్య వంక చూశాడంతే. నూకరత్నం మోపు కిందికి దింపి, బల్ల మీద కాస్త జరిగింది. ఉపసంచాలకులు గారు, మార్కెట్ ఆడవాళ్లందరూ చూస్తుండగా, ఆవిడ పక్కన ఒదిగి కూచున్నారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నారు.

పంటు రేవు వదిలింది. నూకరత్నం మోపులోంచి మంచి ఆకు ఒకటి ఏరి, చాకుతో పాటు ఆయన చేతిలో పెట్టింది.

“చివర నుంచి మొదలెట్టండి బాబూ,” అంది. “మొదట్లో లావుగానే వస్తాయి. ఏం పర్లేదు.”